అడిగితేనే తెలిసింది – టీనేజ్ పిల్లల కుంగుబాటుపై పరిశోధనల చరిత్ర

"చిన్నపిల్లలు, వాళ్ళకు దిగులేమిటి?" అన్నది మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే మాట. ఉద్యోగాలు, అప్పులు, వీసాల చింత పెద్దవాళ్ళకుంటుంది గానీ, వేళకు తిని, చదువుకుని, ఆడుకునే వయసులో దిగులుకు చోటెక్కడిదని మన నమ్మకం. ఈ నమ్మకం మన తెలుగువారిదే అనుకోనక్కర్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో సగానికి పైగా కాలం యూరపులోనూ, అమెరికాలోనూ పేరు మోసిన మానసిక వైద్యులు చాలామంది ఇంచుమించు ఇదే మాటను శాస్త్ర పరిభాషలో చెప్పారు. అది తప్పని ఎలా తేలింది, తేలాక వైద్యం కోసం ఎలా వెతికారు, ఆ వెతుకులాటలో ఎక్కడ దారి తప్పారు అన్న సంగతులు తోటి తెలుగువారితో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, రెండు దశాబ్దాలుగా సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నవాణ్ణి. ఇద్దరు టీనేజ్ పిల్లల తండ్రిని. మనవాళ్ళ మధ్య పిల్లల ర్యాంకుల గురించి గట్టిగానూ, పిల్లల మనసు గురించి గుసగుసగానూ మాట్లాడుకోవడం చూసి, ఈ విషయంపై అచ్చయిన అధ్యయనాలు చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనిపించింది. పిల్లలను నేరుగా అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నప్పుడల్లా ఈ శాస్త్రం ముందుకు నడిచింది. వాళ్ళ మాటకు పెద్దలు వేరే పేరు పెట్టినప్పుడల్లా వెనకబడింది.

వయసు తుఫాను

అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ 1904లో కౌమార దశపై రెండు సంపుటాల పెద్ద పుస్తకం రాశాడు. ఆ వయసును ఆయన తుఫానుతో పోల్చాడు. మనసు అల్లకల్లోలం కావడం ఆ వయసు స్వభావమే అన్నాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ 1958లో రాసిన వ్యాసంలో ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ వయసులో కలతే లేకుండా ఉండడమే ఆలోచించవలసిన విషయం అన్న ధోరణిలో చెప్పింది. టీనేజ్ పిల్లల దిగులు కాలం తీర్చే దిగులే తప్ప జబ్బు కాదన్న భావం ఈ విధంగా స్థిరపడింది.

ఇక చిన్నపిల్లల విషయంలో అభ్యంతరం మరో రకం. మనిషిలోని అంతరాత్మ తనను తానే నిందించుకోవడం వల్ల కుంగుబాటు వస్తుందని ఫ్రాయిడ్ సంప్రదాయం చెప్పేది. పిల్లల్లో ఆ అంతరాత్మ ఇంకా పూర్తిగా ఏర్పడదు గనుక వాళ్ళకు కుంగుబాటు రావడం అసాధ్యం అని తేల్చారు. సిద్ధాంతం ముందు తయారైంది, పిల్లవాడు దానిలో ఇమడలేదు. 1960లలో కొందరు వైద్యులు "ముసుగు కుంగుబాటు" అనే మధ్యేమార్గం కనిపెట్టారు. బడికి వెళ్ళనని మారాం చేయడం, కారణం దొరకని కడుపునొప్పి, పక్క తడపడం, అల్లరి వంటివాటి వెనుక కుంగుబాటు దాగి ఉంటుందన్నారు. దీనివల్ల కొంత మేలు జరిగింది గానీ, ఏ లక్షణానికైనా అతికించగల పేరు కావడంతో అది ఎక్కువకాలం నిలవలేదు. ముసుగు అనుకున్నదాన్ని తొలగించాలంటే పిల్లవాణ్ణి అడిగితే చాలని తర్వాత తెలిసింది.

ఒక దీవిలో పిల్లలందరినీ అడిగారు

ఇంగ్లండు దక్షిణ తీరాన ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి ఉంది. 1960ల మధ్యలో మైకేల్ రట్టర్, ఆయన సహచరులు అక్కడి పది, పదకొండేళ్ళ పిల్లలపై పెద్ద సర్వే చేశారు. ఆ పిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చాక మళ్ళీ వెళ్ళారు. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను అడిగి ఊరుకోకుండా పిల్లలతోనూ విడిగా మాట్లాడారు. 1976లో అచ్చయిన ఆ ఫలితాల్లో రెండు ముఖ్యాంశాలున్నాయి.

మొదటిది, టీనేజ్ అంటే తుఫాను అన్నది అతిశయోక్తి. ఎక్కువమంది పిల్లలు అమ్మానాన్నలతో బాగానే ఉన్నారు. రెండోది, చెప్పుకోదగ్గ సంఖ్యలో పిల్లలు తమకు చాలా దిగులుగా ఉంటుందని, తాము దేనికీ పనికిరామనిపిస్తుందని చెప్పారు. వాళ్ళలో చాలామంది సంగతి ఇంట్లోవాళ్ళకూ, బడిలోవాళ్ళకూ తెలియదు. పదేళ్ళ వయసులో అరుదుగా కనిపించిన కుంగుబాటు పద్నాలుగేళ్ళకు ఎక్కువైంది. అంటే, అందరు పిల్లలకూ వచ్చే "వయసు ప్రభావం"గా కొట్టిపారేసిన దానిలో కొందరు పిల్లల నిజమైన జబ్బు కలిసిపోయి ఉందన్నమాట.

ఆ దశాబ్దంలోనే వైద్యలోకం వైఖరి మారింది. 1971లో స్టాక్‌హోంలో జరిగిన యూరప్ బాలల మానసిక వైద్యుల మహాసభ, పిల్లల్లోనూ టీనేజర్లలోనూ కుంగుబాటునే ప్రధానాంశంగా తీసుకుంది. 1975లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ బాల్యంలో కుంగుబాటుపై సదస్సు జరిపింది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం వెలువరించిన రోగ నిర్ధారణ గ్రంథం మూడో కూర్పు, పెద్దలకు వాడే కొలమానాలనే పిల్లలకూ వాడవచ్చని అంగీకరించింది.

ఆ కొలమానాలు స్థూలంగా ఇవి. దిగులు, ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం, నిద్రలో మార్పు, ఆకలిలో మార్పు, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, తాను పనికిరానన్న భావం, చావు గురించిన ఆలోచనలు. ఇలాంటి తొమ్మిదింటిలో కనీసం అయిదు, రెండు వారాలపాటు దాదాపు రోజూ ఉండాలి. వాటిలో మొదటి రెండింటిలో ఒకటైనా ఉండితీరాలి. తర్వాతి కూర్పులో పిల్లల కోసం ఒక ముఖ్యమైన సవరణ చేరింది. టీనేజర్లలో దిగులుకు బదులు చిరాకు, కోపం కనిపించవచ్చు. "ఏం అడిగినా విసుక్కుంటున్నాడు, పొగరెక్కింది" అని మనం అనుకునే ప్రతిదీ కుంగుబాటు కాదు. కానీ కొన్ని సందర్భాల్లో అది కుంగుబాటే.

తల్లి మాట, బిడ్డ మాట

అడగాలని తేలాక, ఎలా అడగాలన్న ప్రశ్న వచ్చింది. 1970ల చివర హోకీమ్ పుయిగ్ ఆంటిచ్ తన సహచరులతో కలిసి ఒక ఇంటర్వ్యూ పద్ధతి తయారుచేశాడు. దానిలో తల్లిదండ్రులతోనూ, బిడ్డతోనూ వేర్వేరుగా మాట్లాడి, రెండు కథనాలనూ పక్కపక్కన పెట్టి వైద్యుడు నిర్ణయానికి వస్తాడు. పిట్స్‌బర్గ్‌లో మరియా కోవాచ్, పిల్లలు తామే చదివి పూర్తిచేయగల ప్రశ్నావళి తయారుచేసింది. తర్వాతి పరిశోధనలో ఎక్కువ భాగం ఈ రెండు పనిముట్ల మీద, వీటిలాంటివాటి మీద నడిచింది.

వేర్వేరుగా అడగడం ఎందుకు ముఖ్యమో 1987లో థామస్ అకెన్‌బాక్ బృందం అంకెల్లో చూపించింది. వారు 119 అధ్యయనాలను కలిపి చూశారు. ఒక పిల్లవాడి గురించి అమ్మ, నాన్న చెప్పినదాని మధ్య పొందిక సగటున 0.60 ఉంది. అదే పిల్లవాడు తన గురించి చెప్పినదానికీ, ఇతరులు అతని గురించి చెప్పినదానికీ మధ్య పొందిక 0.22 మాత్రమే. పూర్తి ఏకీభావం ఉంటే ఆ అంకె 1 ఉండాలి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఒకే వ్యవస్థకు రెండు లాగ్ ఫైళ్ళున్నాయి, అవి దాదాపు వేరే కథలు చెబుతున్నాయి. ఏ ఒక్కటి చదివినా సగమే తెలుస్తుంది. బయటికి కనిపించే ప్రవర్తన పెద్దలకు బాగా తెలుస్తుంది, లోపలి దిగులు బిడ్డకే తెలుస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే మాట అన్నంత మాత్రాన బిడ్డ విషయం తెలిసినట్టు కాదు.

1980ల చివర ఆరెగాన్ రాష్ట్రంలో పీటర్ లెవిన్‌సన్ బృందం 1,700 మందికి పైగా హైస్కూలు విద్యార్థులను నేరుగా ఇంటర్వ్యూ చేసి, తర్వాత ఏళ్ళ తరబడి గమనించింది. అప్పటికే సుమారు అయిదుగురిలో ఒకరు ఏదో ఒక సమయంలో కుంగుబాటుకు గురయ్యారని తేలింది. ఆడపిల్లల్లో అది మగపిల్లల కంటే దాదాపు రెట్టింపు.

మందులు, మాటలు

పెద్దలకు అప్పట్లో ఇస్తున్న ట్రైసైక్లిక్ మందులనే మొదట పిల్లలకూ ఇచ్చారు. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 12 ప్రయోగాలను పరిశీలించి, పిల్లల్లో ఆ మందులు ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగు కాదని చెప్పింది. పెద్దలకు పనిచేసేది పిల్లలకూ పనిచేస్తుందన్న ఊహ అక్కడ ఆగింది. 1997లో డాలస్‌లో గ్రాహం ఎమ్స్‌లీ బృందం 96 మంది పిల్లలపై ఫ్లుయాక్సెటిన్ ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. మందు వాడినవారిలో 56 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 33 శాతం మెరుగయ్యారు. 2003 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. ఆ మందును పిల్లల కుంగుబాటుకు ఆమోదించింది.

మరోవైపు మాటలతో చేసే వైద్యం పెరుగుతూ వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ 1960లలో, రోగులు తమకు తాము లోలోపల చెప్పుకునే మాటలను శ్రద్ధగా వినడం నుంచి కాగ్నిటివ్ థెరపీని రూపొందించాడు. "లెక్కల్లో మార్కు తగ్గింది" అన్నది వాస్తవం. "నేను దేనికీ పనికిరాను, అమ్మానాన్నల పరువు తీశాను" అన్నది ఆ వెంటనే మనసు అల్లుకునే కథ. ఆ రెంటినీ విడదీసి చూడడం నేర్పడం ఈ వైద్యంలో ఒక భాగం. లెవిన్‌సన్ రెండో వైపు చూశాడు. దిగులు వల్ల మనిషి ఇష్టమైన పనులు మానేస్తాడు, మానేయడం వల్ల దిగులు ఇంకా పెరుగుతుంది. కాబట్టి చిన్న చిన్న పనులతో మళ్ళీ మొదలుపెట్టించాలి. 1997లో డేవిడ్ బ్రెంట్ బృందం పిట్స్‌బర్గ్‌లో 107 మంది టీనేజర్లపై మూడు రకాల మాటల వైద్యాలను పోల్చినప్పుడు, బెక్ పద్ధతి మిగిలిన రెంటికంటే త్వరగా ఫలితమిచ్చింది.

న్యూయార్క్‌లో లారా మఫ్సన్ అనుబంధాలపై దృష్టిపెట్టే వైద్యాన్ని టీనేజర్లకు అనువుగా మలచి, 1999లో ఫలితాలు ప్రచురించింది. ఆప్తుల మరణం, ఇంట్లో తగవులు, ఊరో బడో మారడం వంటి జీవిత మార్పులు, స్నేహాలు కుదరకపోవడం – ఈ నాలుగింటిలో బిడ్డ దిగులు దేనితో ముడిపడిందో కనుక్కుని అక్కడ పనిచేస్తారు. రెండు భాషల మధ్య, రెండు రకాల మర్యాదల మధ్య పెరిగే పిల్లలున్న మనబోటి ఇళ్ళకు ఈ జాబితా కొత్తగా అనిపించదు.

మాట మార్చిన అధ్యయనం

ఈ చరిత్రలో చేదు అధ్యాయం పేరు స్టడీ 329. పరాక్సెటిన్ అనే మందుపై దాని తయారీ కంపెనీ డబ్బుతో 1990లలో 275 మంది టీనేజర్లపై జరిగిన ప్రయోగమిది. 2001లో అచ్చయిన వ్యాసం ఆ మందు టీనేజర్లకు పనిచేస్తుందని, మొత్తంమీద ఇబ్బంది పెట్టదని చెప్పింది. అయితే, ఆత్మహత్యకు సంబంధించిన ఆలోచనలు, ప్రవర్తన కనబరచిన కొందరు పిల్లల సంగతి అందులో "భావోద్వేగ అస్థిరత" అన్న శీర్షిక కింద నమోదైంది. బిడ్డ చెప్పింది ఒకటి, పట్టికలోకి ఎక్కింది మరొకటి.

2003లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ పద్దెనిమిదేళ్ళ లోపువారికి ఆ మందు వద్దంది. 2004లో ఎఫ్.డి.ఎ. 24 ప్రయోగాలను, 4,400 మందికి పైగా పిల్లల సమాచారాన్ని మళ్ళీ చూసింది. అప్పుడు చేసిన ముఖ్యమైన పని, కొలంబియా విశ్వవిద్యాలయ నిపుణులకు ఆయా సంఘటనల అసలు వివరణలు ఇచ్చి, ఎవరు ఏ మందు తీసుకున్నారో తెలియకుండా ఒక్కొక్కటీ చదివించి మళ్ళీ వర్గీకరించడం. ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రవర్తన మందు తీసుకున్నవారిలో సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 2 శాతం ఉన్నట్టు తేలింది. ఆ ప్రయోగాల్లో ఏ బిడ్డా ప్రాణం తీసుకోలేదు. అయినా ఈ తరగతి మందుల పెట్టెలపై నల్లగీతల హెచ్చరిక వచ్చింది. 2012లో ఆ కంపెనీ, ఈ మందును పద్దెనిమిదేళ్ళ లోపువారికి వాడేలా ప్రచారం చేయడంతో సహా పలు ఆరోపణలపై అమెరికా ప్రభుత్వంతో 300 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఒప్పుకుంది. 2015లో స్వతంత్ర పరిశోధకులు స్టడీ 329 అసలు రికార్డులను తిరిగి విశ్లేషించి, మందు పనిచేయలేదని, హాని ఎక్కువైందని ప్రచురించారు.

దీన్ని చదివి మందులన్నీ మోసమే అనుకుంటే అదీ పొరపాటే. 2016లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన సమీక్ష 34 ప్రయోగాలను, 14 మందులను పోల్చి, ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని ఫ్లుయాక్సెటిన్ ఒక్కదాని గురించి చెప్పగలిగింది. మందు మొదలుపెట్టిన తొలివారాల్లో బిడ్డను దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలన్నది, డాక్టరుతో మాట్లాడకుండా మందు అర్ధంతరంగా మానేయకూడదన్నది ఈ అనుభవం నేర్పిన జాగ్రత్తలు.

రెండూ కలిస్తే

మందు మంచిదా, మాట మంచిదా అన్న ప్రశ్నకు పెద్ద ప్రయోగం 2004లో వెలువడిన టాడ్స్. అమెరికాలో 13 కేంద్రాల్లో 12 నుంచి 17 ఏళ్ళ వయసున్న 439 మందిని చీటీలు వేసినట్టు నాలుగు గుంపులు చేశారు. పన్నెండు వారాలకు మందూ మాటా కలిపి పొందినవారిలో 71 శాతం, ఫ్లుయాక్సెటిన్ ఒక్కటే తీసుకున్నవారిలో 61 శాతం, మాటల వైద్యం ఒక్కటే పొందినవారిలో 43 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 35 శాతం మెరుగయ్యారు. ముప్ఫయ్యారు వారాలకు చూస్తే వైద్యం పొందిన మూడు గుంపులూ దాదాపు ఒకచోటికి చేరాయి: 86, 81, 81. మందు త్వరగా పనిచేసింది, మాట నిదానంగా వచ్చి కలుసుకుంది. మొదటి మందు పనిచేయని 334 మందిపై జరిగి 2008లో వెలువడిన మరో ప్రయోగంలో, మందు మార్చడంతో పాటు మాటల వైద్యమూ చేర్చినప్పుడు 55 శాతం, మందు మాత్రమే మార్చినప్పుడు 41 శాతం మెరుగయ్యారు. ఒక వైద్యం కుదరకపోతే కథ ముగిసినట్టు కాదని దీని అర్థం.

ఒక పరిమితి కూడా చెప్పాలి. టాడ్స్ పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతులు శ్వేతజాతివారే. మన ఇళ్ళలాంటి ఇళ్ళ నుంచి ఇలాంటి ప్రయోగాలకు వచ్చినవారు తక్కువ.

తల్లిదండ్రుల ఆరోగ్యం

నన్ను బాగా ఆలోచింపజేసినవి వేరే రెండు అధ్యయనాలు. 2006లో మిర్నా వైస్‌మన్ బృందం, కుంగుబాటుకు వైద్యం తీసుకుంటున్న 151 మంది తల్లులనూ, వారి పిల్లలనూ గమనించింది. మూడు నెలల్లో కోలుకున్న తల్లుల పిల్లల్లో మానసిక సమస్యలు తగ్గాయి, కోలుకోని తల్లుల పిల్లల్లో కాస్త పెరిగాయి. 2009లో జూడీ గార్బర్ బృందం, ముప్పు ఎక్కువగా ఉన్న 316 మంది టీనేజర్లకు కుంగుబాటు రాకుండా ముందే శిక్షణ ఇచ్చింది. శిక్షణ పనిచేసింది. కానీ ఆ సమయంలో తల్లికో తండ్రికో కుంగుబాటు ఉన్న ఇళ్ళల్లో ఆ ప్రయోజనం కనిపించలేదు. పిల్లల కోసం మనం చేసే త్యాగాల జాబితాలో మన సొంత దిగులుకు వైద్యం చేయించుకోవడం సాధారణంగా ఉండదు. ఉండాలని ఈ రెండూ చెబుతున్నాయి.

మన దేశంలో

భారతదేశంలో మానసిక నిపుణుల కొరత తెలిసిందే. అందుకే అక్కడి పరిశోధకులు వేరే ప్రశ్న వేసుకున్నారు: నిపుణులు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇస్తే? బీహార్‌లోని నలంద జిల్లాలో 74 హైస్కూళ్ళలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో ఒకే కార్యక్రమాన్ని కొన్ని బళ్ళలో శిక్షణ పొందిన స్థానిక సలహాదారులు, కొన్నింటిలో ఉపాధ్యాయులు నడిపారు. సలహాదారులున్న బళ్ళలో పిల్లల కుంగుబాటు లక్షణాలు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైంది. ఉపాధ్యాయులు నడిపిన చోట ఆ ఫలితం లేదు. మార్కులు వేసే మనిషి దగ్గర మనసు విప్పడం కష్టమేమో అని నాకు అనిపించింది. ఇంట్లో మార్కులు అడిగేది మనమే గనుక, మనకూ అది వర్తించవచ్చు.

2020లో ప్రచురితమైన ఢిల్లీ అధ్యయనంలో, ఆరు ప్రభుత్వ పాఠశాలల్లో మానసిక ఇబ్బందులున్న 250 మంది విద్యార్థుల చేత తమను ఎక్కువగా బాధిస్తున్న సమస్యలేమిటో తమ మాటల్లోనే చెప్పించారు. అందరికీ చిన్న పుస్తకాలిచ్చారు. సగం మందితో శిక్షణ పొందిన సలహాదారులు కొద్దివారాల్లో కొన్నిసార్లు కూర్చుని మాట్లాడారు కూడా. మామూలు లక్షణాల కొలతలో పెద్ద తేడా రాకపోయినా, పిల్లలు తామే చెప్పిన సమస్యల తీవ్రత మనిషితో మాట్లాడినవారిలో ఎక్కువగా తగ్గింది. ఇంటర్ ఫలితాల వారంలో మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే వార్తలు చదివేవారికి ఇటువంటి ప్రయత్నాల విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మనం చేయగలిగింది

2023లో అమెరికా ప్రభుత్వ సర్వేలో హైస్కూలు విద్యార్థుల్లో 40 శాతం మంది, గత ఏడాదిలో వరుసగా రెండు వారాలు లేదా అంతకంటే ఎక్కువ కాలం మామూలు పనులు మానేసేంత దిగులు అనుభవించామన్నారు. వారందరికీ జబ్బు ఉందని కాదు. కానీ ఈ మహాసభల ప్రాంగణంలో తిరుగుతున్న మన పిల్లల్లోనూ అలాంటివారు ఉంటారు. మెడల్స్ అందుకునేవారిలోనూ ఉంటారు.

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. 2005లో మడలిన్ గూల్డ్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది విద్యార్థులపై దీన్నే పరీక్షించింది. ఆ ప్రశ్న అడిగినందువల్ల పిల్లల్లో కలత గానీ, అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగుబాటు ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల కాస్త ఊరట కలిగిన సూచనలు కనిపించాయి.

అమెరికాలో 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలందరికీ కుంగుబాటు పరీక్ష చేయాలని నివారణ వైద్య నిపుణుల బృందం 2009 నుంచీ సిఫారసు చేస్తోంది. 2022లోనూ అదే మాట మళ్ళీ చెప్పింది. వార్షిక పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు మనల్ని కాసేపు బయట కూర్చోమంటే కొందరికి మనసు చివుక్కుమంటుంది. అది మనమీద అనుమానం కాదు. తల్లి మాట, బిడ్డ మాట వేర్వేరుగా వినాలని ఎన్నో ఏళ్ళ పరిశోధన నేర్పిన పద్ధతి. లేచి బయటికి వెళదాం.

ఇంట్లో అడిగేటప్పుడు మార్కుల ప్రస్తావన లేకుండా, కారులోనో నడకలోనో పక్కపక్కన ఉన్నప్పుడు అడగడం తేలిక. చెప్పిన మాటకు వెంటనే "ఆ మాత్రానికేనా" అనో, "మా రోజుల్లో" అనో జవాబివ్వకుండా వినాలి. మనతో చెప్పలేకపోతే బాబాయితోనో, పిన్నితోనో, బడిలో కౌన్సెలర్‌తోనో చెప్పే దారి ఉంచాలి. ప్రమాదం అనిపించినప్పుడు అమెరికాలో 988, భారతదేశంలో టెలీ మానస్ 14416 నంబర్లు రాత్రింబవళ్ళు పనిచేస్తున్నాయి. రెండూ 2022లో మొదలయ్యాయి. ఫోను చేసినందుకు బిడ్డ భవిష్యత్తు చెడదు.

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. ఈ విషయంలో మాత్రం అమ్మానాన్నలు అడగందే బిడ్డ చెప్పదు. చిన్నపిల్లలకు దిగులేమిటని పెద్దలు తమలో తామే అనుకుంటూ అర్ధశతాబ్దం గడిపారు. పిల్లలను అడిగిన తర్వాతే జవాబు దొరికింది.